శార్వరి లీపు సంవత్సరమేనా? క్వోషెంట్ల గురించి అడిగినవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గ్రూపుల్లో క్వోషెంట్ (కొన్నిటిని ఒకటిగా లెక్కపెట్టి కట్టే కొత్త నిర్మాణం) కావాలంటే నార్మల్ సబ్‌గ్రూప్ ఉండాలన్నారు. రింగుల్లో ఐడియల్ ఉండాలన్నారు. టోపాలజీకి వచ్చేసరికి ఏ ఈక్వివలెన్స్ రిలేషన్ (మూలకాలను ‘ఒకటే’ అనుకునే తరగతులుగా విడగొట్టే సంబంధం) తీసుకున్నా పర్వాలేదన్నారు. తర్వాత కేటగిరీ థియరీలో ఇవన్నీ కోఈక్వలైజర్లేనని ఒక్క మాటతో తేల్చేశారు. అన్నీ ఒకటే అయితే ఒక్కో చోట ఒక్కో షరతు ఎందుకు? పైగా ఆర్/జడ్ (వాస్తవ సంఖ్యలను పూర్ణసంఖ్యలతో క్వోషెంట్) అని రాస్తే ఒక పుస్తకంలో వృత్తం, ఇంకో పుస్తకంలో ఒకే బిందువు దగ్గర కలుసుకునే అనంతమైన వలయాలు. ఏది సరైనది?

చాలా ఏళ్లుగా ఎమ్మెస్సీ పిల్లలకు ఆల్జీబ్రా, టోపాలజీ చెబుతున్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సినవాళ్లు ఎక్కువ. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. అన్ని చోట్లా జరిగే పని ఒకటే. ఏ తేడాలను ఇకమీదట పట్టించుకోబోమో ముందు చెబుతాం. అలా చెప్పాక ఏ ప్రశ్నలకు ఇంకా అర్థం మిగిలిందో చూసుకుంటాం. షరతులన్నీ ఈ రెండో సగంలోనే పుడతాయి. మొదటి సగం ఎక్కడైనా ఒకటే.

మన ఇళ్లల్లో రోజూ వాడే క్వోషెంట్ ఒకటుంది, దానితో మొదలుపెడతాను. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాల పేర్లు. 2024 ఉగాదికి క్రోధి వచ్చింది. అంతకుముందు క్రోధి 1964లో. ఉగాది ఏ ఇంగ్లీషు సంవత్సరంలో పడితే ఆ సంవత్సరానికి ఆ పేరు పెట్టుకుందాం. ఇప్పుడు 1964, 2024, 2084 మూడూ మనకు ఒకటే, మూడూ క్రోధే. సంవత్సరాల సంఖ్యలు అనంతం, పేర్లు 60. పూర్ణసంఖ్యలను 60తో మాడ్యులో తీసుకోవడమంటే ఇదే. మనిషి పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ వచ్చిన రోజున షష్టిపూర్తి చేస్తాం. అంటే 60 కలపడమూ 0 కలపడమూ ఇక్కడ ఒకటే అయిందన్నమాట.

ఇప్పుడు పేరు మాత్రమే తెలిసినవాడిని ప్రశ్నలు అడుగుదాం. క్రోధికి ఐదేళ్ల తర్వాత ఏ సంవత్సరం? సౌమ్య. 1964 నుంచి లెక్కపెట్టినా 2024 నుంచి లెక్కపెట్టినా సౌమ్యే వస్తుంది. కాబట్టి ఈ ప్రశ్నకు అర్థం ఉంది. క్రోధి సంవత్సరం సంఖ్యను 4తో భాగిస్తే శేషం ఎంత? 1964కూ 0, 2024కూ 0. 60ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఎప్పుడైనా అంతే. 7తో భాగిస్తే? 1964కు శేషం 4, 2024కు శేషం 1. జవాబు పేరు మీద కాక, మనం ఏ క్రోధిని ఎంచుకున్నామన్న దాని మీద ఆధారపడింది. కాబట్టి పేర్ల ప్రపంచంలో ఈ ప్రశ్నకు అర్థం లేదు.

ఇక నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. శార్వరి లీపు సంవత్సరమేనా? 2020 శార్వరి, లీపు. 1960 శార్వరి, అదీ లీపే. ఇక్కడితో చాలామంది ‘అవును’ అనేస్తారు. కానీ 1900 కూడా శార్వరే. 1900 నాలుగుతో భాగించబడినా లీపు కాదు, ఎందుకంటే శతాబ్ది సంవత్సరం లీపు కావాలంటే 400తో భాగించబడాలి. కాబట్టి ‘శార్వరి లీపా’ అన్న ప్రశ్నకు అవును, కాదు రెండూ జవాబులు కావు. ఆ ప్రశ్న పేరు దాకా దిగిరాలేదు. పుస్తకాల్లో ‘వెల్ డిఫైన్డ్ అని చూపండి’ అన్న వాక్యం వెనుక ఉన్నది ఇదే. రెండు మూడు ప్రతినిధులతో సరిచూసి వదిలేస్తే ఎలా మోసపోతామో 1960, 2020 చూపిస్తాయి. క్వోషెంట్ మీద ఏ ప్రమేయం నిర్వచించినా, ఒకే తరగతిలోని ప్రతి రెండు మూలకాలకూ ఒకే విలువ వస్తుందని నిరూపించాలి.

దీన్నే తిరగేసి చెబితే క్వోషెంట్‌కు సార్వత్రిక ధర్మం, అంటే యూనివర్సల్ ప్రాపర్టీ వస్తుంది. సంవత్సరాల మీద ఒక ప్రమేయం ఒకే పేరున్న సంవత్సరాలన్నిటికీ ఒకే విలువ ఇస్తే, అది పేర్ల మీది ప్రమేయంగా మారుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. కోసెట్లు, బ్రాకెట్లు, ప్రతినిధులు అన్నీ మరిచిపోయినా దీన్నుంచి మళ్లీ కట్టుకోవచ్చు.

ఇప్పుడు గ్రూపులు. ఒక గ్రూపు మూలకాలను తరగతులుగా విడగొట్టాం అనుకోండి. తరగతులను గుణించాలంటే ఎలా? ఈ తరగతి నుంచి ఒకటి, ఆ తరగతి నుంచి ఒకటి తీసి గుణించి, లబ్ధం ఏ తరగతిలో పడిందో చూడాలి. ఎవరిని తీసినా ఒకే తరగతిలో పడాలి. షరతు ఇంతే. ఇది అన్నిసార్లూ నెరవేరదు. 1, 2, 3ల ప్రస్తారాల గ్రూపు ఎస్3 తీసుకోండి. అందులో దేన్నీ కదపని తత్సమ మూలకం ఇ, 1నీ 2నీ తారుమారు చేసే (1 2) కలిసి ఒక సబ్‌గ్రూప్. ఈ సబ్‌గ్రూప్‌ను ఒక్కో మూలకంతో ఎడమవైపు నుంచి గుణిస్తే వచ్చే తరగతులు, అంటే లెఫ్ట్ కోసెట్లు, మూడు వస్తాయి: ఆ సబ్‌గ్రూప్ ఒకటి, (1 3)తో పాటు (1 2 3) ఉన్నది ఒకటి, (2 3)తో పాటు (1 3 2) ఉన్నది ఒకటి. కుడివైపు ప్రస్తారాన్ని ముందు అమలు చేసే పద్ధతిలో లెక్క వేస్తున్నాను. మొదటి తరగతిని రెండో తరగతితో గుణిద్దాం. ఇ, (1 3) తీసుకుంటే లబ్ధం (1 3), రెండో తరగతిలోనే ఉంది. ఇ బదులు (1 2) తీసుకుంటే (1 2)(1 3) = (1 3 2), అది మూడో తరగతిలో పడింది. ప్రతినిధి మారితే జవాబు మారింది. శార్వరికి పట్టిన గతే దీనికీ పట్టింది.

1832 మే 29 రాత్రి, ద్వంద్వయుద్ధానికి ముందు, ఫ్రెంచి గణితవేత్త గాల్వా తన మిత్రుడు ఒగుస్త్ షెవాలియేకు రాసిన ఉత్తరంలో సరిగ్గా ఈ తేడానే పట్టుకున్నాడు. ఒక గ్రూపును ఎడమవైపు నుంచి విడగొట్టినా కుడివైపు నుంచి విడగొట్టినా ఒకే ముక్కలు వస్తే దాన్ని సరైన విభజన అన్నాడు. క్వోషెంట్ గ్రూపును ఒక స్వతంత్రమైన వస్తువుగా హోల్డర్ 1889లో రాశాడు. మధ్యలో 57 ఏళ్లు. క్లాసులో ఒక గంటలో చెప్పేసే విషయం ఇలా కుదురుకోవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. కాబట్టి మొదటిసారి మింగుడుపడకపోతే టెన్షన్ పడకండి.

నార్మల్ సబ్‌గ్రూప్ నిర్వచనం ఆకాశం నుంచి ఊడిపడినట్టు చెబుతారు కాబట్టే మీ అయోమయం. దాన్ని వెనక నుంచి చూడండి. మొదట సబ్‌గ్రూప్ మాటే ఎత్తొద్దు. గ్రూపు మీద ఒక ఈక్వివలెన్స్ రిలేషన్ ~ ఉంది, అది గుణకారాన్ని గౌరవిస్తుంది అనండి. అంటే అ ~ ఆ, క ~ ఖ అయితే అక ~ ఆఖ కావాలి. ఇలాంటి రిలేషన్‌ను కాంగ్రుయెన్స్ అంటారు. గౌస్ 1801లో పూర్ణసంఖ్యలకు వాడిన మాటే. ఇప్పుడు తత్సమ మూలకం ఇ ఉన్న తరగతిని చూడండి. అందులోని న అనే మూలకానికి న ~ ఇ. ఏ గ తీసుకున్నా, ఎడమవైపు గతోనూ కుడివైపు గ విలోమంతోనూ గుణిస్తే, ఎడమ పక్కన న యొక్క కాంజుగేట్, కుడి పక్కన మళ్లీ ఇ. అంటే కాంజుగేట్ కూడా అదే తరగతిలో ఉంది. నార్మల్ అనే షరతు మనం పెట్టలేదు, దానంతటదే వచ్చింది. రింగుల్లోనూ ఇంతే. ఇ అనే మూలకం స్థానంలో 0 ఉన్న తరగతిని తీసుకోండి. క ~ 0 అయితే, రింగులోని ఏ ర తీసుకున్నా రక ~ ర × 0, అంటే రక ~ 0. ‘బయటివాడు గుణించినా లోపలే ఉండాలి’ అన్న ఐడియల్ షరతు ఒక్క లైనులో పుట్టింది. సబ్‌రింగ్ ఎందుకు సరిపోదని పిల్లలు అడుగుతారు. ర × 0 ఎప్పుడూ 0 కాబట్టి సరిపోదు, అదే కారణం.

ఇంకో దిక్కు కూడా చూడాలి. అ ~ ఆ అన్నా, అ విలోమాన్ని ఆతో గుణిస్తే ఇ తరగతిలో పడుతుందన్నా ఒకటే. కాబట్టి గ్రూపుల్లో ఒక్క తరగతి తెలిస్తే రిలేషన్ మొత్తం తెలిసిపోతుంది. నార్మల్ సబ్‌గ్రూప్, ఐడియల్ అనేవి కాంగ్రుయెన్స్‌కు పెట్టుకున్న పొట్టి పేర్లు. ఈ సౌకర్యం విలోమం వల్ల వచ్చింది. విలోమం లేనిచోట ఇది పోతుంది. పూర్ణాంకాలు 0, 1, 2, 3... కూడిక తీసుకోండి. ‘ఒకటి, రెండు, చాలా’ అని లెక్కపెట్టేవాడి రిలేషన్ పెడదాం: 3, అంతకు పైన ఉన్నవన్నీ ఒకటే. ఇది కూడికను గౌరవిస్తుంది. చాలాకు ఎంత కలిపినా చాలానే, 1 + 2 కూడా చాలానే. 0 తరగతిలో 0 ఒక్కటే ఉంది. ఏ రెంటినీ కలపని మామూలు సమానత్వంలోనూ 0 తరగతిలో 0 ఒక్కటే. రెండు వేర్వేరు క్వోషెంట్లు, ఒకే ‘కెర్నెల్’ (0తో కలిసిపోయినవాటి తరగతి). అందుకే మోనాయిడ్లు, సెమీగ్రూపులు, లాటిస్‌ల గురించి చదివేటప్పుడు సబ్‌గ్రూప్ లాంటిది వెతక్కండి, కాంగ్రుయెన్స్‌నే పట్టుకోండి.

ఆల్జీబ్రాలో ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో ఇదే అసలు రుచి. మీరు కొన్నిటిని ఒకటి చేయమని అడుగుతారు, నిర్మాణం ఇంకా చాలావాటిని ఒకటి చేసేస్తుంది. పూర్ణసంఖ్యల గ్రూపులో 6ను, 10ని 0తో సమానం చేయమని అడగండి. 10 – 6 = 4 కూడా 0 కావాలి. 6 – 4 = 2 కూడా. అక్కడ ఆగుతుంది, ఎందుకంటే 2 వాటి గ.సా.భా. మీరు అడిగింది మూడు సంఖ్యలను కలపమని, వచ్చింది సరి, బేసి అనే రెండే తరగతులు. రింగులో 2ను, 3ను 0 చేయమంటే 1 కూడా 0 అయి మొత్తం కూలిపోతుంది. జనరేటర్లు, రిలేషన్లు ఇచ్చి గ్రూపును రాసినప్పుడు జరిగేదీ ఇదే. ఫ్రీ గ్రూపులో ఆ రిలేషన్లను ఒకటి చేయమంటాం, ఆ తర్వాత ఏమేం ఒకటయ్యాయో చూసుకుంటాం. అది చూసుకోవడం కొన్నిసార్లు అసాధ్యం కూడా. జనరేటర్లు, రిలేషన్లు పరిమితంగానే ఉన్న ఒక గ్రూపులో, ఇచ్చిన రెండు పదాలు సమానమో కాదో తేల్చే అల్గారిథమ్ ఏదీ ఉండదని నోవికోవ్ 1955లో నిరూపించాడు.

సంకీర్ణ సంఖ్యలను కూడా ఇలాగే కట్టవచ్చు. వాస్తవ గుణకాలున్న బహుపదులు తీసుకుని ‘ఎక్స్ వర్గం + 1 ఇకమీదట 0’ అనడమే. 1847లో కోషీ ఈ దారిలోనే సంకీర్ణ సంఖ్యలకు అర్థం చెప్పాడు. ఇక్కడ సార్వత్రిక ధర్మం ఎంత పని తగ్గిస్తుందో గమనించండి. ఈ రింగు నుంచి వేరే రింగుకు హోమోమార్ఫిజం (కూడికను, గుణకారాన్ని గౌరవించే ప్రమేయం) కావాలంటే తరగతులు, శేషాలు ఏవీ వద్దు. బహుపదుల నుంచి ఒక హోమోమార్ఫిజం తీసుకుని, అది ఎక్స్ వర్గం + 1ను 0కు పంపుతుందో లేదో చూస్తే చాలు. పరీక్షలో ‘ఐసోమార్ఫిక్ అని చూపండి’ అంటే ముందు కెర్నెల్ లెక్క వేయండి. కోసెట్ల మధ్య ప్రమేయాన్ని నేరుగా నిర్వచించి, వెల్ డిఫైన్డ్ అని నిరూపించి, ఆపై అన్వేకం (వన్-వన్), సంగ్రస్తం (ఆన్‌టు) అని నాలుగు పేజీలు నింపిన జవాబు పత్రాలు ఎన్నో దిద్దాను. వాటిలో ఎక్కువ తప్పులు ఆ మొదటి మెట్టులోనే.

ఇక టోపాలజీ. ఇక్కడ గౌరవించాల్సిన కూడికా గుణకారం ఏవీ లేవు. ఏ బిందువులను కలిపినా చెడిపోయే క్రియ లేదు కాబట్టి ఏ ఈక్వివలెన్స్ రిలేషన్ అయినా చెల్లుతుంది. తరగతుల సమితి మీద టోపాలజీ కూడా ప్రశ్న అడిగినట్టే పెడతాం: క్వోషెంట్‌లోని ఒక సమితి ఎప్పుడు ఓపెన్? దాన్ని వెనక్కి, అసలు స్పేస్‌లోకి తీసుకెళ్తే అక్కడ ఓపెన్ అయినప్పుడు. సమ్మేళనాలు, ఛేదనాలు వెనక్కి తీసుకెళ్లినా చెక్కుచెదరవు కాబట్టి ఇది టోపాలజీయే అవుతుంది. సార్వత్రిక ధర్మం మారలేదు: తరగతుల మీద స్థిరంగా ఉన్న ప్రతి కంటిన్యువస్ ప్రమేయమూ క్వోషెంట్ మీది కంటిన్యువస్ ప్రమేయం అవుతుంది, ఒకే విధంగా.

షరతు లేదంటే ఖర్చు లేదని కాదు. ఆల్జీబ్రాలో ముందే కట్టిన సుంకాన్ని టోపాలజీలో తర్వాత కట్టాలి. వాస్తవ రేఖ రెండు కాపీలు తీసుకుని, 0 తప్ప మిగతా ప్రతి సంఖ్యనూ దాని జతతో అతికించండి. 0లు రెండు మిగులుతాయి. ఆ రెంటినీ ఒకదానితో ఒకటి కలవని ఓపెన్ సెట్లలో పెట్టలేరు. ఒకదాని చుట్టూ ఏ చిన్న అంతరం తీసుకున్నా అది రెండోదాని అంతరంతో కలుస్తుంది. మొదట హాస్‌డార్ఫ్ స్పేస్ (ఏ రెండు బిందువులనైనా ఇలా విడదీయగలిగేది), అతికించాక కాదు. వాస్తవ సంఖ్యలను అకరణీయ సంఖ్యలతో మాడ్యులో తీసుకుంటే ఇంకా ఘోరం. అకరణీయ భేదం ఉన్నవన్నీ ఒకటే అన్నాం. క్వోషెంట్‌లో ఒక ఓపెన్ సెట్‌ను వెనక్కి తీసుకెళ్తే, అది శూన్యం కాకపోతే ఒక అంతరం ఉంటుంది. ఆ అంతరాన్ని ప్రతి అకరణీయ సంఖ్య మేరా జరిపితే రేఖ మొత్తం కప్పేస్తుంది. కాబట్టి శూన్యమూ మొత్తమూ తప్ప ఓపెన్ సెట్లే లేవు. గ్రూపుగా ఇది చాలా పెద్దది, టోపాలజీగా దానిలో ఒక్క బిందువును కూడా ఇంకో బిందువు నుంచి విడదీయలేం. టోపాలజికల్ గ్రూపుల్లో దీనికి మందు సులువు: క్వోషెంట్ హాస్‌డార్ఫ్ కావాలంటే నార్మల్ సబ్‌గ్రూప్ క్లోజ్డ్ అయితే చాలు, కావాల్సిందీ అదే. అకరణీయ సంఖ్యలు వాస్తవ రేఖలో క్లోజ్డ్ కావు, పూర్ణసంఖ్యలు అవుతాయి. రెండు సున్నాల రేఖకు గ్రూపు నిర్మాణం లేదు కాబట్టి ఈ మందు పనిచేయదు. అక్కడ ప్రతి తరగతీ క్లోజ్డ్ సెట్టే, అయినా హాస్‌డార్ఫ్ పోయింది.

మీ ఆర్/జడ్ సంగతికి వస్తాను. రెండు పుస్తకాలూ సరైనవే, గీత మాత్రం రెండు అర్థాల్లో వాడారు. ఆల్జీబ్రా చదివినవాళ్లు రాసినప్పుడు భేదం పూర్ణసంఖ్య అయిన ప్రతి జతనూ కలపమని అర్థం. 0.3, 1.3, 2.3 ఒకటే. రేఖ అంతా తన మీద తాను చుట్టుకుని ఒక్క వృత్తం అవుతుంది. టోపాలజీ పుస్తకాల్లో ఎక్స్/ఎ అంటే ఎ అనే సబ్‌స్పేస్ మొత్తాన్ని ఒక్క బిందువుగా నొక్కేయడం, మిగతా బిందువులను ముట్టుకోకపోవడం. అప్పుడు 0, 1, 2... అన్నీ ఒకటవుతాయి, 0.3కూ 1.3కూ ఏ సంబంధమూ లేదు. 0 నుంచి 1 దాకా ఉన్న ముక్క ఒక వలయం, 1 నుంచి 2 దాకా ఇంకో వలయం, అలా గుత్తిగా ఒకే ముడి దగ్గర అనంతమైన వలయాలు.

ఈ గుత్తిని చాలామంది హవాయియన్ ఇయర్‌రింగ్‌తో కలిపేస్తారు. తలంలో ఒకే బిందువును తాకుతూ అంతకంతకూ చిన్నవయ్యే వృత్తాల బొమ్మ అది. రెండూ వేరు. ఇయర్‌రింగ్ కాంపాక్ట్, ఈ గుత్తి కాదు. గుత్తిలో ముడి దగ్గర లెక్కించదగిన నైబర్‌హుడ్ బేస్ కూడా ఉండదు. మీరు నైబర్‌హుడ్లను ఒకటి, రెండు, మూడు అని వరుసగా జాబితా ఇస్తే, నేను మొదటి వలయంలో మీ మొదటిదానికన్నా సన్నగా, రెండో వలయంలో మీ రెండోదానికన్నా సన్నగా కోస్తూ పోతాను. వచ్చినది ఓపెనే, కానీ మీ జాబితాలోని ఏదీ దానిలో ఇమడదు. కాంటర్ కర్ణం వాదన ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. క్వోషెంట్ టోపాలజీకి ఓపెన్ సెట్లను వీలైనన్ని ఎక్కువ ఉంచే స్వభావం ఉంది. దాని బలమూ ఇబ్బందీ రెండూ అక్కడే.

టోపాలజీలో జారిపడే ఇంకో చోటు ఫస్ట్ ఐసోమార్ఫిజం థీరమ్. గ్రూపుల్లో ఒక హోమోమార్ఫిజం తీసుకుంటే, కెర్నెల్‌తో క్వోషెంట్, ఇమేజ్ ఒకటే. టోపాలజికల్ గ్రూపుల్లో ఇది నిజం కాదు. వాస్తవ సంఖ్యలకు డిస్‌క్రీట్ టోపాలజీ ఇచ్చి, అక్కడి నుంచి మామూలు వాస్తవ సంఖ్యలకు ప్రతి సంఖ్యనూ దానికే పంపండి. కంటిన్యువస్, కెర్నెల్ 0 మాత్రమే, ద్విగుణ ప్రమేయం. అయినా రెండు వైపులా ఉన్నవి టోపాలజీగా ఒకటి కావు. సంగ్రస్తం అయినంత మాత్రాన క్వోషెంట్ మ్యాప్ కాదు. ఆల్జీబ్రాలో ఈ తేడా కనబడదు కాబట్టి అలవాటైపోయి ఇక్కడ దెబ్బతింటాం.

కేటగిరీ భాష ఈ తేడాలను పట్టిస్తుంది, అందుకే అది ఉత్త పెద్ద పేరు కాదంటాను. ఎక్స్ అనే వస్తువులోకి రెండు బాణాలు (మ్యాపులు) ఇవ్వండి. మొదటి బాణం ఏం చెబుతుందో, రెండోది ఏం చెబుతుందో అవి ఒకటి కావాలి. అలా ఒకటి చేసే మ్యాపుల్లో అన్నిటికన్నా ముందున్నది, మిగతా ప్రతిదీ తన గుండానే, ఒకే విధంగా పోయేది కోఈక్వలైజర్. నేను సంవత్సరాల పేర్ల దగ్గర చెప్పిన వాక్యమే ఇది. సమితుల్లో కోఈక్వలైజర్ అంటే ఆ జతలు పుట్టించే ఈక్వివలెన్స్ రిలేషన్‌తో క్వోషెంట్. టోపాలజీలోనూ అదే సమితి, పైన క్వోషెంట్ టోపాలజీ. గ్రూపుల్లో మాత్రం సమితి మారిపోతుంది. ఇందాకటి 6, 10, 0 గుర్తుందా? సమితులుగా అయితే మూడు బిందువులు మాత్రమే అతుక్కుంటాయి. గ్రూపులుగా అయితే రెండు తరగతులే మిగులుతాయి. నిర్వచనం ఒక్కటే, అది ఏ కేటగిరీలో జరుగుతోందన్నదే తేడా. మీరు ‘ఒక్కో చోట ఒక్కో షరతు’ అన్నదానికి ఇదే జవాబు. షరతు క్వోషెంట్‌ది కాదు, ఆ కేటగిరీలోని బాణాలది.

ఎపిమార్ఫిజం (దాని తర్వాత పెట్టిన రెండు బాణాలు ఒకే జవాబిస్తే ఆ రెండూ ఒకటేనని తేల్చే బాణం) అంటే క్వోషెంటే అనుకోవడం ఇక్కడ మరో తప్పు. రింగుల్లో పూర్ణసంఖ్యల నుంచి అకరణీయ సంఖ్యలకు ఉన్న ఇన్‌క్లూజన్ ఎపిమార్ఫిజం, ఎందుకంటే 1, 2, 3 ఎక్కడికి వెళ్తాయో తెలిస్తే 1/2, 1/3 కూడా తేలిపోతాయి. కానీ అది సంగ్రస్తం కాదు, దేన్నీ దేనితోనూ కలపలేదు. ఏదో ఒక జత బాణాలకు కోఈక్వలైజర్ అయ్యే ఎపిమార్ఫిజంను రెగ్యులర్ అంటారు. టోపలాజికల్ స్పేస్‌లలో రెగ్యులర్ ఎపిమార్ఫిజంలు సరిగ్గా క్వోషెంట్ మ్యాపులే. డిస్‌క్రీట్ వాస్తవ సంఖ్యల ఉదాహరణలోని మ్యాప్ ఎపిమార్ఫిజమే గానీ రెగ్యులర్ కాదు. రెండు పేరాల ముందు కనబడిన ప్రమాదానికి ఇప్పుడొక పేరు దొరికింది.

ఇంకొక్క విషయం చెప్పాలి, మీరు హోమోటోపీ (ఒక మ్యాపును మెల్లగా ఇంకో మ్యాపుగా మార్చడం) మొదలుపెట్టగానే ఇది అవసరం పడుతుంది. వాస్తవ రేఖ నుంచి ఆ వలయాల గుత్తికి ఉన్న మ్యాప్ క్వోషెంట్ మ్యాప్. దీన్ని అకరణీయ సంఖ్యల స్పేస్‌తో గుణించి, రెండో భాగాన్ని కదపకుండా ఉంచితే, వచ్చే మ్యాప్ క్వోషెంట్ మ్యాప్ కాదు. క్వోషెంట్ చేసి గుణించడం, గుణించి క్వోషెంట్ చేయడం వేరువేరు టోపాలజీలు ఇస్తాయి. చూడగానే ఇది అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే సమితుల్లో ఇలా ఎప్పుడూ జరగదు. కారణం కేటగిరీ భాషలో ఒక్క ముక్కలో ఉంది. ఫంక్టర్ అంటే ఒక కేటగిరీలోని వస్తువులనూ బాణాలనూ ఇంకో కేటగిరీకి పంపేది; రైట్ ఎడ్జాయింట్ అనే జోడీ ఉన్న ఫంక్టర్ కోఈక్వలైజర్లను చెడగొట్టదు. సమితుల్లో ‘ఎక్స్‌తో గుణించు’ అన్న ఫంక్టర్‌కు రైట్ ఎడ్జాయింట్ ఉంది: ఎక్స్ నుంచి ప్రమేయాలన్నీ తీసుకోవడం. టోపాలజీలో ఎక్స్ లోకల్లీ కాంపాక్ట్ హాస్‌డార్ఫ్ అయితే ప్రమేయాల స్పేస్‌కు తగిన టోపాలజీ దొరుకుతుంది, పని జరుగుతుంది. అకరణీయ సంఖ్యలు లోకల్లీ కాంపాక్ట్ కావు. అదృష్టవశాత్తు 0 నుంచి 1 దాకా ఉన్న అంతరం కాంపాక్టే, కాబట్టి క్వోషెంట్ మీద హోమోటోపీలు నిర్వచించడానికి ఏ అడ్డూ లేదు. మిగతా చోట్ల తలనొప్పి లేకుండా ఉండాలని స్టీన్‌రాడ్ 1967లో కాంపాక్ట్లీ జెనరేటెడ్ స్పేస్‌లలోనే పనిచేద్దామని ప్రతిపాదించాడు. అక్కడ గుణకారాన్ని కొంచెం మార్చి నిర్వచిస్తారు, ఈ లోటు తీరిపోతుంది.

అదే సూత్రం ఆల్జీబ్రాలో టెన్సర్ ప్రోడక్ట్‌కు వర్తిస్తుంది. టెన్సర్ చేయడానికి రైట్ ఎడ్జాయింట్ హామ్ (హోమోమార్ఫిజంలన్నీ తీసుకోవడం), కాబట్టి క్వోషెంట్లు టెన్సర్ లోపలికి చెక్కుచెదరకుండా వెళ్తాయి. 6 మాడ్యులో ఉన్న గ్రూపును 10 మాడ్యులో ఉన్న గ్రూపుతో టెన్సర్ చేసి చూడండి. పూర్ణసంఖ్యలను దేనితో టెన్సర్ చేసినా అదే వస్తుంది. కాబట్టి 10 మాడ్యులో ఉన్న గ్రూపును తీసుకుని అందులో 6 గుణిజాలను 0 చేస్తే చాలు. అంటే పూర్ణసంఖ్యల్లో 10నీ 6నీ 0 చేసినట్టే. సరి, బేసి అనే రెండు తరగతులే మిగులుతాయి.